కిర్గిజ్‌స్థాన్ కొండల్లో సంచార జీవితం చూడాలి, ప్యాకేజీ టూర్ తీసుకోవచ్చా?

అడిగింది క్లుప్తంగా ఇదీ: అమ్మాయి బిష్కెక్‌లో ఎంబీబీఎస్ చదువుతోంది. జులైలో అమ్మానాన్నలిద్దరూ వచ్చి తనతో పాటు కొండలు చూద్దామనుకుంటున్నారు. ఎనిమిది రోజుల "సంచార సంస్కృతి యాత్ర" ప్యాకేజీ ఒకటి చూశారు. అందులో ఆరు చోట్ల మజిలీ, గద్దతో వేట, గుర్రపు ఆటలు, జానపద పాటలు అన్నీ ఉన్నాయి. ఇద్దరికీ యాభై అయిదు దాటాయి, ఆవిడ మాంసం ముట్టరు, ఆయనకు బీపీ. అక్కడ నిజంగా సంచార జీవితం ఉందా, లేక టూరిస్టుల కోసం కట్టిన వేషమా? మా వల్ల అవుతుందా?

వెళ్ళండి అమ్మా. వయసు అడ్డం కాదు. కానీ ఆ ప్యాకేజీని ఉన్నదున్నట్టు తీసుకోవద్దు. ఆరు చోట్ల ఒక్కో రాత్రి బదులు ఒక్క చోట కనీసం రెండు రాత్రులు, వీలైతే మూడు రాత్రులు ఉండండి. అదీ సొంతంగా గుర్రాలు, గొర్రెలు మేపుకుంటున్న కుటుంబం దగ్గర. నేను బిష్కెక్‌లో ఉంటూ చాలా ఏళ్ళుగా మన స్టూడెంట్ల తల్లిదండ్రులను కొండల్లోకి తీసుకెళ్తున్నాను. సంతోషంగా తిరిగొచ్చిన వాళ్ళకూ, "ఏముందండీ, ఫొటోలు దిగి వచ్చాం" అన్నవాళ్ళకూ నాకు కనిపించిన తేడా ఇదొక్కటే.

ముందు "నిజమా, వేషమా" సంగతి చూద్దాం. ఏడాది పొడవునా మందల వెంట తిరుగుతూ గుడారాల్లోనే బతికే కిర్గిజ్ కుటుంబం మీకు దాదాపుగా కనిపించదు. 1930ల ముందే మొదలై ఆ దశాబ్దంలో ఉధృతమైన సోవియట్ సామూహిక వ్యవసాయం వాళ్ళను ఊళ్ళలో స్థిరపరిచింది. పూర్వం ఏడాదికి నాలుగు మకాములు ఉండేవి. చలికాలానికి కిష్తూ, వసంతానికి జాజ్దూ, వేసవికి జైలూ, శరత్తుకు కుజ్దూ. వీటిలో బలంగా నిలిచింది జైలూ ఒక్కటే, అంటే ఎత్తు మీద ఉండే వేసవి పచ్చిక బయలు. కొల్ఖోజుల (సోవియట్ సామూహిక క్షేత్రాల) కాలంలో కూడా మందలు వేసవికి పైకి వెళ్తూనే ఉన్నాయి, కాకపోతే అవి సర్కారు మందలు. 1991 తర్వాత కొల్ఖోజులు కూలిపోయి, గొర్రెలను పంచేసి, చాలామంది పూట గడవక అమ్మేసుకున్నారు. పైకి వెళ్ళడం కొంతకాలం బాగా తగ్గిపోయింది, మందలు పెరిగాక మళ్ళీ పుంజుకుంది. 2009లో వచ్చిన పచ్చిక బయళ్ళ చట్టం ఎవరు ఎక్కడ మేపుకోవాలో తేల్చే అధికారాన్ని స్థానిక కమిటీల చేతిలో పెట్టింది.

కాబట్టి మీరు చూడబోయేది అక్టోబరు నుంచి మే దాకా ఊళ్ళో ఇంట్లో ఉండి, పిల్లలకు బడి సెలవులివ్వగానే మందతో పైకి వచ్చే కుటుంబాన్ని. సామానంతా పాత లారీలో వస్తుంది. సోలార్ పలక ఉంటుంది, ఫోను ఉంటుంది. నాన్నమ్మ ఫోనులో సీరియల్ చూస్తూ ఉన్ని వడుకుతుంది. దీన్ని చూసి కొందరు "అయ్యో, ఇది అసలుది కాదు" అని నిరుత్సాహపడతారు. నాకైతే ఇదే అసలుది. లారీ వాడినంత మాత్రాన గుర్రాల పాలు పిండే పని తగ్గలేదు.

ఇంకో సంగతి టూర్ కంపెనీలు చెప్పవు. చాలా చోట్ల అందమైన తెల్ల యుర్త్‌లు (ఉన్ని గుడారాలు, వాళ్ళు బోజ్ ఉయ్ అంటారు) అతిథుల కోసం వేసి, ఇంటివాళ్ళు పక్కనే ఇనుప చక్రాల పాత వ్యాగన్‌లో పడుకుంటారు. వంటా అందులోనే, టీ పెట్టేదీ అందులోనే. మీ అమ్మాయికి రష్యన్ కొంచెం వచ్చి ఉంటుంది కదా, పొద్దున్నే ఆ వ్యాగన్ దగ్గరికి వెళ్ళి "సాయం చెయ్యనా" అని అడగమనండి. టూర్ అక్కడి నుంచి మొదలవుతుంది.

రెండు రాత్రులు ఎందుకంటే జైలూలో చూడదగ్గదంతా పని. పనికి దాని టైము దానికి ఉంటుంది. సాయంత్రం నాలుగింటికి కారు దిగి, టీ తాగి, గుర్రం మీద అరగంట తిరిగి, భోంచేసి పడుకుని, తెల్లారి తొమ్మిదింటికి బయల్దేరితే ఆ పనుల్లో సగం కూడా మీ కళ్ళబడవు.

గుర్రం పాల సంగతే చూడండి. ఆవుకు మల్లే ఉదయం సాయంత్రం పిండితే కుదరదు, ఆడగుర్రం పొదుగులో పాలు ఎక్కువసేపు నిలవవు. అందుకని పగలంతా రెండేసి గంటలకోసారి పిండుతారు. నేల మీద పొడుగ్గా లాగి కట్టిన తాడుకు గుర్రప్పిల్లలను వరసగా కట్టేస్తారు, దాన్ని జెలే అంటారు. పిల్ల అక్కడుంది కాబట్టి తల్లులు దూరం పోవు. ముందు పిల్లను ఓ నిమిషం తాగనిచ్చి, పాలు చేపాక పక్కకు లాగి ఒకరు పట్టుకుంటే ఇంకొకరు పిండుతారు. ఒక్కో గుర్రం ఒక్కోసారి ఇచ్చేది కొంచెమే. ఆ పాలను పొగ పట్టించిన తోలు సంచిలో పోసి, పాత కుమిస్ (పులిసిన గుర్రం పాలు) కలిపి, పొడుగు కర్రతో వందలసార్లు చిలికితే కొత్త కుమిస్ తయారవుతుంది. అందులో వచ్చే పొగ వాసన, పులుపు, నాలుక మీద చిన్న చురుకు, అన్నీ ఈ పనిలోంచి వచ్చినవే. కొద్దిగా ఆల్కహాల్ కూడా ఉంటుంది, పట్టింపు ఉన్నవాళ్ళు తెలుసుకోవాలి. ఈ మధ్య చాలా ఇళ్ళలో తోలు సంచి బదులు ప్లాస్టిక్ పీపా వచ్చేసింది, రుచిలో తేడా తెలుస్తుంది.

అలవాటు లేని కడుపుకు కుమిస్ మొదటి రోజు గిన్నెడు పడదు. రెండు గుక్కలు తాగి ఆపండి. పూర్తిగా వద్దనడం కంటే పెదవులకు ఆనించి ఇచ్చేయడం మర్యాద. దారిలో కారు ప్రయాణం ఉన్న రోజు మాత్రం అసలు వద్దు.

ఎక్కడ ఉండాలి? అందరూ సోన్-కుల్ అంటారు. నిజంగానే అద్భుతమైన చోటు. చుట్టూ చెట్టన్నది లేని పచ్చిక, మధ్యలో సరస్సు, ఎటు చూసినా గుర్రాల మందలు. కానీ దాని ఎత్తు 3,016 మీటర్లు, బిష్కెక్ సుమారు 800 మీటర్లు. పొద్దున్న బిష్కెక్‌లో బయల్దేరి రాత్రికి సోన్-కుల్‌లో పడుకోబెట్టే ప్యాకేజీలు బోలెడు, బహుశా మీదీ అదే. ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ళ కుర్రాళ్ళకే తలనొప్పి, వాంతులు వస్తాయి. ఖమ్మం నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు రాత్రి పదకొండింటికి ఆయాసం మొదలైతే, చీకట్లో కనుమ దాటించి కిందికి దింపాల్సి వచ్చింది. దిగేసరికి కుదుటపడ్డారనుకోండి, కానీ ఆ టూర్‌లో ఆ కుటుంబానికి గుర్తున్నది ఆ రాత్రి ఒక్కటే.

నేనైతే మీకు ఇలా చెప్తాను. మొదటి రోజు బూమ్ లోయ మీదుగా కొచ్కోర్ చేరి అక్కడే ఎవరింట్లోనైనా రెండు రాత్రులుండండి. దాదాపు 1,800 మీటర్ల ఎత్తు, ఒంటికి అలవాటవుతుంది. ఆ తర్వాత కల్మక్-అషూ కనుమ మీదుగా సోన్-కుల్. కనుమ ఎత్తు 3,400 మీటర్ల పైనే, కానీ కారు అక్కడ ఆగేది ఫొటోకే. ఆయన బీపీ మందుల గురించీ, ఎత్తుకు వేసుకునే మాత్రల గురించీ మీ డాక్టరును ముందే అడగండి. సల్ఫా మందులు పడనివాళ్ళు ఆ మాట తప్పకుండా చెప్పాలి. పైన ఉన్నప్పుడు తలనొప్పితో పాటు వాంతి గానీ, కూర్చున్నా ఆగని ఆయాసం గానీ వస్తే తెల్లారే దాకా చూద్దాం అనుకోకుండా కిందికి దిగిపోవాలి.

డాక్టరు వద్దంటే బెంగ పడకండి, సూసమీర్ లోయ ఉంది. బిష్కెక్ నుంచి ఓష్ వెళ్ళే హైవే మీదే, తో-అషూ సొరంగం దాటగానే వస్తుంది. లోయ ఎత్తు 2,000 నుంచి 2,500 మీటర్ల మధ్య. వేసవిలో రోడ్డు పక్కనే యుర్త్‌లు వేసి కుమిస్ అమ్ముతుంటారు, దేశమంతటికీ అక్కడి కుమిస్ అంటే గొప్ప. రోడ్డు పక్కన కాకుండా ఒక గంట లోపలికి పోతే లారీల రొద ఉండదు. సరస్సు లేదన్నమాటే గానీ, మందల పని చూడాలనుకునేవాళ్ళకు సోన్-కుల్ కంటే తీసిపోదు. కొన్ని విషయాల్లో నేను దీనికే ఓటేస్తాను, ఎందుకంటే విదేశీ టూరిస్టులు తక్కువ.

(అమ్మాయి ఓష్‌లో చదువుతుండి ఉంటే అలాయ్ లోయ, సరీ-మొగోల్ అని చెప్పేవాణ్ణి. 7,134 మీటర్ల లెనిన్ శిఖరం ఎదురుగా నిలబడే చోటు. కానీ అక్కడి యుర్త్ క్యాంపులు సోన్-కుల్ కంటే ఎత్తు, మీకు వద్దు.)

బుకింగ్ గురించి. కొచ్కోర్, నారిన్, బొకొన్‌బాయెవొ లాంటి చోట్ల సీబీటీ ఆఫీసులు ఉన్నాయి. 2000 ప్రాంతంలో స్విస్ సంస్థ హెల్వెటాస్ సాయంతో మొదలైన ఊరి టూరిజం సంఘాలు ఇవి. కుటుంబాలతో మాట్లాడి మీకు బస, గుర్రం, కారు కుదిర్చి పెడతాయి. ప్యాకేజీ కంపెనీ ద్వారా వెళ్ళినా తప్పు లేదు, అన్నీ ఒకరే చూసుకుంటారన్న నిశ్చింత ఉంటుంది. ఎవరి దగ్గర తీసుకున్నా ఈ ప్రశ్నలు అడగండి: మేం ఉండే కుటుంబానికి సొంత మంద ఉందా? ఆడగుర్రాల పాలు పిండుతున్నారా? క్యాంపులో మొత్తం ఎన్ని యుర్త్‌లు? ఇరవై యుర్త్‌లు వరసగా వేసి, రెస్టారెంట్ గుడారం విడిగా ఉన్నదైతే అది పచ్చిక మీది హోటల్. సౌకర్యం కావాలంటే బాగుంటుంది, మీరు అడిగింది మాత్రం అది కాదు.

గద్ద వేట. ఇక్కడ నా అభిప్రాయం కాస్త కటువుగా ఉంటుంది. గద్దతో వేట చలికాలపు పని. మంచు మీద నక్క, కుందేలు జాడ కనిపించే రోజుల్లో చేసేది. ఆడ గద్దలే పెద్దవి కాబట్టి వేటకు వాటినే పెంచుతారు, కొన్నేళ్ళు వేటాడాక మళ్ళీ కొండల్లో వదిలేయడం ఆచారం. జులైలో మీకు చూపించేది ప్రదర్శన. గద్దను కొండ మీద నుంచి వదిలితే కింద తాడుకు కట్టి లాగే నక్క తోలు మీద వాలుతుంది. అంతవరకు సరే, పక్షిని అంత దగ్గరగా చూడటం మరిచిపోలేం. కొన్ని చోట్ల బతికున్న కుందేలును వదులుతారు. శాకాహారులు కాబట్టి ముందే అడిగి వద్దని చెప్పండి, తోలుతోనే చేస్తారు. బొకొన్‌బాయెవొ వైపు తండ్రుల నుంచి నేర్చుకున్న బెర్కుత్చీలు (గద్దతో వేటాడేవాళ్ళు) ఉన్నారు, ఒక గంట వాళ్ళతో కూర్చుని పక్షిని ఎలా మచ్చిక చేస్తారో అడిగితే ప్రదర్శన కంటే ఎక్కువ తెలుస్తుంది.

కోక్-బోరు సంగతి కూడా ఇప్పుడే చెప్పాలి. రెండు జట్లు గుర్రాల మీద ఒక బరువైన కళేబరం కోసం పోరాడి, దాన్ని తాయ్-కజాన్ అనే గుండ్రటి గోల్‌లో పడేయాలి. ఆ కళేబరం తల తీసేసిన మేకది. 2017లో యునెస్కో జాబితాకెక్కిన ఆట, ఆ రౌతుల నైపుణ్యం చూసి తీరాల్సిందే. కానీ తెలియకుండా వెళ్ళి మొదటి నిమిషంలోనే మొహం తిప్పుకున్నవాళ్ళను చూశాను. డబ్బులిచ్చి పది మందితో ఆడించే దానికంటే ఊరి పండగలో జరిగేది వెయ్యి రెట్లు మేలు. వరల్డ్ నోమాడ్ గేమ్స్ 2014, 2016, 2018లో ఇస్సిక్-కుల్ సరస్సు ఒడ్డున చోల్పోన్-అతాలో జరిగాయి, 2022లో తుర్కియేకి, 2024లో కజకిస్థాన్‌కి వెళ్ళాయి. వాటికి జనం విపరీతం, మీ వయసుకు ఆ రద్దీ అవసరమా అన్నది మీ ఇష్టం.

వీటికంటే మీకు నచ్చే ఆట ఒకటుంది. తోగుజ్ కొర్గోల్. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, చెరో తొమ్మిది గుంటల్లో తొమ్మిదేసి గింజలు పెట్టుకుని ఆడతారు, మొత్తం 162. మన వామనగుంటల కుటుంబానికి చెందిన ఆటే. గుంటూరు నుంచి వచ్చిన ఒక అమ్మమ్మ గారు భాష ఒక్క ముక్క రాకుండానే ఇంటివాళ్ళ మనవడితో పొద్దుపోయేదాకా ఆడారు. మూడో ఆటకు ఆవిడే గెలిచారు, పిల్లాడు అలిగాడు. ఏ ప్యాకేజీలోనూ ఇది రాయరు.

మనాస్ పాట పెట్టిస్తామంటే ఒప్పుకోండి. ఆ వీరగాథ చెప్పేవాణ్ణి మనాస్చీ అంటారు. వాద్యం ఏదీ లేకుండా కూర్చుని, చేతులు ఊపుతూ, పూనకం వచ్చినట్టు గొంతు పెంచుతూ పోతాడు. సయక్‌బాయ్ కరలాయెవ్ అనే మనాస్చీ చెప్పగా రాసుకున్న పాఠమే అయిదు లక్షల పాదాల దాకా ఉంటుంది. మీరు ఇండియన్లని తెలియగానే గైడు "మీ మహాభారతం కంటే పెద్దది" అని తప్పకుండా అంటాడు. ఔనని నవ్వేయండి.

చేతిపనులకు ఒక రోజు కేటాయించండి. ఇస్సిక్-కుల్ దక్షిణపు ఒడ్డున కిజిల్-తూ అనే ఊరు ఉంది, ఇళ్ళకు ఇళ్ళే యుర్త్‌లు తయారు చేస్తాయి. చువ్వలను ఆవిరి పట్టి వంచడం, జల్లెడ గోడను (కెరెగె) తోలు ముడులతో కలపడం, పైన కిరీటంలా కూర్చునే తుందుక్... ఆ దేశపు జెండా మధ్యలో సూర్యుడి లోపల ఉన్నది ఈ తుందుకే. మేకు ఒక్కటి కూడా లేకుండా రెండు మూడు గంటల్లో ఇల్లు లేచి నిలబడటం చూసి మా ఇంజనీర్ మిత్రుడు ఒకడు నోట మాట రాక నిలబడిపోయాడు. కొచ్కోర్‌లో ఆడవాళ్ళ సంఘాలు షిర్దక్ తివాచీలు చేస్తాయి. రెండు రంగుల ఉన్ని దుప్పట్లను ఒకదాని మీద ఒకటి పెట్టి ఒకే కోతతో కోసి, దీని ముక్క దానిలో, దాని ముక్క దీనిలో అమర్చి కుడతారు. అందుకే వృథా ఉండదు, జంటగా పుడతాయి. 2012లో యునెస్కో దీన్ని వెంటనే కాపాడాల్సిన కళల జాబితాలో చేర్చింది. కొనేటప్పుడు తిరగేసి చూడండి. వెనకంతా చేతి కుట్టు కనిపించాలి, ఉన్ని వాసన రావాలి. బజార్లో చవగ్గా దొరికేది చాలావరకు మిషన్ సరుకు.

తిండి. అమ్మా, ఇది దాచకుండా చెప్తాను. జైలూలో తిండంటే పాలు, రొట్టె, మాంసం. కూరగాయలు కింది నుంచి వస్తాయి. మీకు పక్కాగా దొరికేవి: రొట్టె, బోర్సోక్ (నూనెలో వేయించిన పిండి ముక్కలు, మన పిల్లలకు తెగ నచ్చుతాయి), మీగడ లాంటి కయ్‌మక్, జామ్, గుడ్డు, బంగాళాదుంప, క్యాబేజీ, అయ్రాన్ అనే పెరుగు. వేయించడానికి వాడే కొవ్వు గొర్రెది కావచ్చు. "మాంసం లేదు" అని చెప్పిన సూప్‌లో ముక్క తీసేసి మాంసం నీళ్ళు మిగల్చడం మామూలే, వాళ్ళ దృష్టిలో అది శాకాహారమే. బుక్ చేసేటప్పుడే చెప్పించండి, అక్కడికెళ్ళాక "మెన్ ఎత్ జెబెయ్‌మ్" (నేను మాంసం తినను) అనండి. అటుకులు, పొడులు, ఊరగాయ, పులిహోర పేస్టు తెచ్చుకోండి. నూడుల్స్ ప్యాకెట్ల కంటే ఇవే నయం. మీరు తెచ్చింది దస్తర్‌ఖాన్ (భోజనానికి పరిచే గుడ్డ) మీద పెట్టి వాళ్ళకూ ఇవ్వండి, విడిగా మూల కూర్చుని తింటే బాధపడతారు.

మర్యాదలు కొన్నే. గడప తొక్కకూడదు, దాటి రావాలి. ద్వారానికి ఎదురుగా ఉన్న చోటు పెద్దలది, మిమ్మల్ని అక్కడే కూర్చోమంటారు. రొట్టెను బోర్లా పెట్టకూడదు. పరిచిన భోజనం మీదుగా దాటకూడదు. టీ గిన్నెలో సగమే పోస్తే పీనాసితనం అనుకోకండి, మళ్ళీ మళ్ళీ పోయడం వాళ్ళ ఆదరం. నిండా పోశారంటే ఇక లేవచ్చని అర్థం. భోజనం అయ్యాక అందరూ రెండు చేతులూ మొహం మీదుగా దించుకుంటారు, మీరూ చేస్తే ముచ్చటపడతారు.

కష్టాలు: మరుగుదొడ్డి దూరంగా చెక్కల గది, కింద గొయ్యి. మోకాళ్ళ నొప్పులుంటే ఇది ఎత్తు కంటే పెద్ద సమస్య, కూర్చునే సీటు ఉన్న క్యాంపు కావాలని ముందే అడగండి. మంచం కూడా అడగండి, లేకపోతే నేల మీద తోషోక్ అనే పరుపులు వేస్తారు. రాత్రి బయటికి వెళ్ళాలంటే టార్చి పట్టుకుని వెళ్ళండి, కాపరి కుక్కలు చీకట్లో కొత్తవాళ్ళను గుర్తు పట్టవు. జులైలో కూడా సోన్-కుల్‌లో రాత్రి చలి సున్నా దగ్గరికి దిగుతుంది, ఒక్కోసారి మంచు పడుతుంది. యుర్త్ మధ్యలో పొయ్యి ఉంటుంది, ఎండిన పేడతో మండిస్తారు. నిద్రపోయేముందు వేసింది రెండు గంటల్లో ఆరిపోతుంది. స్వెటరు, కోటు, ఉన్ని టోపీ, మేజోళ్ళు మీ ఇంటి నుంచే. గుర్రం ఎక్కితే నడిపించేవాళ్ళు పక్కన ఉండాలి, హెల్మెట్ దాదాపుగా దొరకదు. మీ ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో గుర్రపు స్వారీ కవర్ అవుతుందో లేదో చూసుకోండి.

భద్రత గురించి మీరు అడగలేదు గానీ, 2024 మేలో బిష్కెక్‌లో విదేశీ విద్యార్థుల హాస్టళ్ళ మీద జరిగిన దాడులు మన తల్లిదండ్రులెవరూ మర్చిపోలేదు, నాకు తెలుసు. అది నగరంలో జరిగిన గొడవ. జైలూల్లో నేను తీసుకెళ్ళిన ఏ కుటుంబానికీ అలాంటి భయం ఎదురవ్వలేదు. నగరంలో మాత్రం రాత్రిపూట అందరికీ చెప్పే జాగ్రత్తలే మీకూ.

ఇండియన్ పాస్‌పోర్టుకు వీసా కావాలి, ఆన్‌లైన్లో ఈ-వీసా పెట్టుకోవచ్చు. షరతులు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనేముందే ప్రభుత్వ సైట్లో చూసుకోండి.

ఇక మీ ఎనిమిది రోజులు: కొచ్కోర్ రెండు రాత్రులు, జైలూ రెండు, ఇస్సిక్-కుల్ దక్షిణపు ఒడ్డు రెండు, చివరి రాత్రి బిష్కెక్‌లో. వచ్చే దారిలో తొక్మోక్ దగ్గర 11వ శతాబ్దపు బురానా గోపురం, దాని పక్కన రాతి మనుషుల బొమ్మలు గంటసేపు చూడొచ్చు. కారకోల్, జెతి-ఒగుజ్ ఈసారికి వదిలేయండి. కంపెనీ వాళ్ళు ఈ మార్పుకు ఒప్పుకోకపోతే, వాళ్ళు పంపిన రోజువారీ ప్లాన్ ఇక్కడ పెట్టండి. ఏ మజిలీ తీసేసి ఆ రాత్రిని జైలూకి కలపాలో చూసి చెప్తాను.